ఆరుద్ర పురుగు చుట్టం – సూరత్ ప్లేగు నుంచి స్క్రబ్ టైఫస్ దాకా

సూరత్ పేరు చెబితే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది చీర. కాస్త వయసు మళ్లినవాళ్లకు ఆ వెంటనే 1994 నాటి ప్లేగు గుర్తొస్తుంది. 2025 జనవరి 15న ముంబయిలో ఐ.ఎన్.ఎస్. సూరత్ నౌకాదళంలో చేరింది కాబట్టి మన కుర్రవాళ్లకు మూడో గుర్తు కూడా ఏర్పడింది, సంతోషం. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది మాత్రం ఆ రెండో సంగతి, దాని వెనకాల నక్కి ఉన్న మరో సంగతి.

సైనికుల సంఘం సంచికలో రోగాల చరిత్ర ఏమిటని కొందరికి అనిపించవచ్చు. యూనిట్‌లో పనిచేసినవాళ్లకు ఆ అనుమానం రాదు. తూటా తగిలి ఆస్పత్రికి పోయినవాళ్ల కంటే జ్వరం వచ్చి ఎం.ఐ. రూము ముందు నిలబడ్డవాళ్లే ఎప్పుడూ ఎక్కువ. 1943లో బర్మా సరిహద్దున గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్క సైనికుడికి, జబ్బుపడి వెనక్కి వచ్చినవాళ్లు 120 మంది అని జనరల్ స్లిమ్ తన యుద్ధ జ్ఞాపకాల్లో లెక్క రాశాడు. ఆ 120 మందిలో ఎక్కువ భాగం మలేరియా, విరేచనాలు. కానీ ఆ గుంపులోనే, పేరు పలకడానికి కూడా కష్టమైన ఒక జ్వరం ఉంది. దాన్ని మోసుకొచ్చేది దోమ కాదు, ఈగ కాదు, కంటికి ఆనని ఒక నల్లి.

ఆ నల్లిని మనకు బాగా తెలిసిన ఒక పురుగుతో పరిచయం చేస్తాను. తొలకరి పడగానే, ఆరుద్ర కార్తెలో, తడిసిన చేలగట్ల మీద ఎర్రని మఖమలు గుడ్డ ముక్కల్లా పాకుతూ ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి కదా. చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆడుకోని పల్లెటూరి పిల్లవాడు ఉండడు. అది ఎవరినీ కుట్టదు, పాపం. కానీ దాని దగ్గరి చుట్టం ఒకటుంది. ఆ చుట్టం పిల్లదశలో, అంటే గుడ్డు నుంచి వచ్చిన లార్వాగా ఉన్నప్పుడు, ఒక మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. దాన్నే ఇంగ్లీషువాళ్లు చిగ్గర్ అన్నారు. తడిగడ్డి కొసకు ఎక్కి కూర్చుని, ఎలుక గానీ, పందికొక్కు గానీ, పొరపాటున మనిషి గానీ రాసుకుంటూ పోతే పట్టుకుంటుంది. బతుకు మొత్తంలో ఒక్కసారే ఇలా ఒంటి మీదికి ఎక్కి రసం పీలుస్తుంది. ఆ తరువాత నేలలోకి దిగిపోయి, చిన్న చిన్న పురుగుల గుడ్లు తింటూ పెరిగి పెద్దదవుతుంది, ఇక మనిషి జోలికి రాదు.

ఒక్కసారే కుట్టే పురుగు రోగాన్ని ఎలా పంచుతుందని డాక్టర్లు చాలాకాలం తల పట్టుకున్నారు. జవాబేమిటంటే, రోగక్రిమి తల్లి నల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి వారసత్వంగా దిగుతుంది. వాహనమూ అదే, గిడ్డంగీ అదే. ఎలుకలన్నిటినీ చంపేసినా నేలలో ఆ నల్లి వంశం ఉన్నంతకాలం జ్వరం ఉంటుంది. జపాన్‌వాళ్లు ఈ రోగాన్ని పాతకాలం నుంచీ ఎరుగుదురు, అక్కడి మాటనే పట్టుకుని క్రిమికి ఓరియెన్షియా సుత్సుగముషి అని పేరు పెట్టారు. జ్వరానికి వాడుక పేరు స్క్రబ్ టైఫస్, అంటే పొదల టైఫస్. ఈ పేరు 1920లలో మలయాలో పనిచేసిన ఫ్లెచర్, లెస్లర్ అనే ఇద్దరు వైద్యుల వల్ల స్థిరపడింది. కౌలాలంపూర్ ప్రాంతంలో బజారు కొట్లలో ఉండేవాళ్లకు ఒక రకం టైఫస్, తోటల్లో పొదలు నరికే కూలీలకు ఇంకో రకం వస్తున్నాయని వాళ్లు గమనించారు. మొదటిది ఎలుక గోమారి వల్ల, రెండోది నల్లి వల్ల అని తరువాత తేలింది. కొట్టు టైఫస్, పొద టైఫస్. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, సూరత్ కథలో పనికొస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంఫాల్ నుంచి తమూ, అక్కడి నుంచి కబా లోయలోకి దిగిన దళాలకు ఈ పొద టైఫస్ బాగా తగిలింది. ఆ దారి మన తెలుగువాళ్లకు కొత్త కాదు. రంగం మీద బాంబులు పడ్డప్పుడు, 1942లో, అక్కడ రేవుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసుకునే ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల మనుషులు మూటాముల్లెతో నడిచి వచ్చిన దారుల్లో అదొకటి. రెండేళ్ల తరువాత అదే దారిలో మద్రాసు సాపర్లు రోడ్లు వేశారు. బయట నుంచి చూస్తే విడిదికి బహు చక్కని చోట్లు: నీటి పక్కన, పాత పొలాలు బీడుపడి ఏపుగా గడ్డి పెరిగిన మైదానాలు. సరిగ్గా అవే చిగ్గర్ పెరిగే దీవులు. పది రోజులు పోయాక ఒక్కసారిగా జ్వరం, తలపోటు, కళ్లు ఎర్రబడటం, బెల్టు కింద గానీ చంకలో గానీ సిగరెట్టుతో కాల్చినట్టు ఒక నల్లని పెచ్చు. మందు లేదు. కొన్నిచోట్ల నూటికి ముప్పై మంది దాకా పోయారు.

మందు లేనప్పుడు సైన్యం చేయగలిగింది క్రమశిక్షణే. విడిదికి ముందు గడ్డి కోసి కాల్చడం, నేల మీద పడుకోకపోవడం, ప్యాంటు కొసలు బూటులోకి దోపడం, డైబ్యుటైల్ థాలేట్ వంటి నూనెలను యూనిఫారానికి పట్టించడం. ఈ చివరి పద్ధతి న్యూగినీలో ఆస్ట్రేలియా సైన్యంలో బాగా నిలదొక్కుకుంది. ఇప్పుడు మన జవానులు వాడుతున్న డెపా అనే పురుగు నివారిణి మందును తయారుచేసింది గ్వాలియర్‌లోని మన డి.ఆర్.డి.ఇ. ప్రయోగశాల. ఆ ప్రయోగశాల పేరు సూరత్ కథలో మళ్లీ వస్తుంది. యుద్ధం అయిపోయాక 1948లో కౌలాలంపూర్‌లో స్మాడెల్ అనే అమెరికన్ వైద్యుడి బృందం క్లోరాంఫెనికాల్ ఇచ్చి చూస్తే స్క్రబ్ టైఫస్ రోగులు లేచి కూర్చున్నారు. ఇంకేముంది, రోగం పని అయిపోయిందనుకున్నారు. 1965 యుద్ధకాలంలో మన దళాల్లో మళ్లీ కనిపించింది. ఆ తరువాత చాలామంది డాక్టర్లు పాఠ్యపుస్తకంలో ఒక పేరా చదివి మర్చిపోయే రోగంగా మిగిలిపోయింది.

ఇప్పుడు సూరత్‌కు వద్దాం. నల్లి సంగతి చెబుతూ ఇక్కడికి ఎందుకు వచ్చానంటే, పురుగు వల్ల వచ్చే రోగానికీ, వాతావరణానికీ, మనిషి ఏర్పాట్లకూ మధ్య లంకె ఎలా ఉంటుందో ఇంత స్పష్టంగా చూపించిన ఊరు మన దేశంలో మరొకటి నాకు కనబడలేదు. తాపీ నది సముద్రంలో కలిసేచోట ఉన్న రేవు పట్టణం ఇది. మొగలుల కాలంలో ఇక్కడి నుంచే హజ్ ఓడలు బయలుదేరేవి, ఇంగ్లీషువాళ్లు తొలినాళ్లలో కోఠీ పెట్టుకున్న ఊళ్లలో ఇదొకటి. 1689లో ఇక్కడికి వచ్చిన ఓవింగ్టన్ అనే ఇంగ్లీషు పాదిరీ, అప్పటికి కొన్నేళ్లుగా ఊళ్లో మహమ్మారి తిష్ఠ వేసి ఉందని రాశాడు. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు 1897కల్లా సూరత్‌నూ తాకింది. ఎలుక మీది గోమారి వల్లే ప్లేగు పాకుతుందని పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు 1898 జూన్‌లో కరాచీలో ప్రయోగం చేసి చూపించాడు. సైనిక వైద్యుడే, గమనించాలి. ఆ తరువాత కమిషన్లు వేసి లెక్కలు తీస్తే ఒక విచిత్రం బయటపడింది. బొంబాయి రాష్ట్రంలో ఎండలు ముదరగానే ప్లేగు తగ్గిపోయేది, వాతావరణం చల్లబడి గాలిలో తేమ ఉన్నప్పుడు లేచేది. గోమారి కడుపులో ప్లేగు క్రిమి గడ్డకట్టి గొంతుకు అడ్డుపడితేనే అది పిచ్చిగా కుడుతుంది. వేడి 27, 28 డిగ్రీలు దాటితే ఆ అడ్డు కరిగిపోతుందని వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా సైనిక వైద్యులు వివరం తేల్చారు.

కాబట్టి భూమి వేడెక్కితే పురుగుల రోగాలన్నీ వరసబెట్టి పెరుగుతాయని గుడ్డిగా చెప్పేస్తే సరిపోదు. ఒక్కొక్క పురుగుది ఒక్కొక్క లెక్క.

సూరత్‌లో మన తెలుగువాళ్ల లెక్క వేరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా షోలాపూర్, భివండి, సూరత్ ఊళ్లకు సాంచల పనికి వెళ్లాయి. చేతి మగ్గం అన్నం పెట్టనప్పుడు మరమగ్గం పిలిచింది. లింబాయత్ వైపు పోతే ఈనాటికీ తెలుగు మాట వినపడుతుంది; సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. పన్నెండు గంటల షిఫ్టు, ఒకడు పనికి పోతే ఇంకొకడు వచ్చి అదే చాప మీద పడుకునే గది. ఇలాంటి గదుల్లో ఒరియావాళ్లు, మరాఠీలు, ఉత్తరప్రదేశ్‌వాళ్లు, మనవాళ్లు అందరూ ఉండేవారు. 1980లు, 90లలో ఊరు పెరిగిన వేగానికి కాలువలు, మరుగుదొడ్లు, చెత్తబండ్లు అందుకోలేకపోయాయి.

1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపం వచ్చింది. మరుసటి ఏడు ఆగస్టులో దాని పక్క జిల్లా బీడ్‌లో మామ్లా అనే ఊళ్లో గజ్జల్లో గడ్డల ప్లేగు బయటపడింది. ఆ వానాకాలం సూరత్‌లో వానలు దంచి కొట్టాయి. తాపీ పొంగింది, పల్లపు బస్తీల్లో నీళ్లు నిలిచాయి, చచ్చిన పశువులు, ఎలుకలు ఎక్కడివక్కడే కుళ్లాయి. సెప్టెంబరులో గణపతి నిమజ్జనం అయిన ఒకటి రెండు రోజులకే వేడ్ రోడ్డు వైపు బస్తీల నుంచి నెత్తురు కక్కుతూ రోగులు ఆస్పత్రికి రాసాగారు. ఇది గడ్డల ప్లేగు కాదు, ఊపిరితిత్తుల ప్లేగు. గోమారి అవసరం కూడా లేకుండా మనిషి నుంచి మనిషికి దగ్గుతో పాకే రకం.

ఆ తరువాతి నాలుగైదు రోజులు ఈ దేశం మర్చిపోకూడనివి. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది తాళాలు వేసుకుని వెళ్లిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ గోళీలు ఖాళీ అయ్యాయి. లక్షల మంది రైళ్లెక్కారు. స్టేషన్లో కాలు పెట్టే చోటు లేదు. ఆస్పత్రి నుంచి రోగులు పారిపోకుండా ర్యాపిడ్ యాక్షన్ ఫోర్సును కాపలా పెట్టాల్సి వచ్చింది. సాంచలు ఆగిపోయాయి. మన నేతకారుల ఇళ్లలో అది బతుకమ్మకు సరిగ్గా రెండు వారాల ముందు మాట. ఏటా పండగకు ఊరికి పోయేది సంతోషంగా, కొత్త చీరతో, చేతిలో నాలుగు డబ్బులతో. ఆ ఏడు పోయింది ముక్కుకు రుమాలు కట్టుకుని. ఊరికి చేరాక కూడా సూరత్ నుంచి వచ్చారంటే పక్కింటివాళ్లు దూరం జరిగే రోజులవి. గల్ఫ్ దేశాలు విమానాలు ఆపేశాయి, మన ఎగుమతులు రేవుల్లో ఆగాయి. అంతా కలిపి మరణాలు యాభైకి పైన. సంఖ్యగా చూస్తే చిన్నదే. క్షయతో మన దేశంలో ఒక్కరోజులో పోయేవాళ్లు అంతకంటే ఎక్కువ. భయానికి ఈ లెక్కలు పట్టవు కదా.

అది అసలు ప్లేగేనా అని అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. కేంద్ర ప్రభుత్వం 1994 అక్టోబరులో ఒక సాంకేతిక సలహా సంఘాన్ని వేసి, దానికి డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారిని అధ్యక్షుణ్ణి చేసింది. ఆయన శ్రీకాకుళం మనిషి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీ విద్యార్థి, ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరుగానూ, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగానూ పనిచేసినవాడు. ప్లేగు క్రిమే కారణమని ఆ సంఘం తేల్చింది. 1996లో గ్వాలియర్ డి.ఆర్.డి.ఇ. శాస్త్రజ్ఞులు క్రిమిని వేరుచేసి గుర్తించిన వివరాలు ప్రచురించారు. 2000లో హైదరాబాదు సి.సి.ఎం.బి. వాళ్లు జన్యు పరీక్షతో అదే మాట చెప్పారు. రక్షణ ప్రయోగశాల ఒక వైపు, హైదరాబాదు ప్రయోగశాల ఒక వైపు సాక్ష్యం చెప్పిన ఈ విషయాన్ని మన సంచికలో ఒకసారి నమోదు చేసుకోవడం బాగుంటుందనిపించింది.

ఆ టెట్రాసైక్లిన్ గోళీ వెనకాల కూడా తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్నప్పుడు, ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆరియోమైసిన్ నుంచి క్లోరిన్ తీసేస్తే వచ్చిందే టెట్రాసైక్లిన్, ఆ కుటుంబంలోనే 1967లో బజారుకు వచ్చింది డాక్సీసైక్లిన్. ప్లేగుకూ అదే, స్క్రబ్ టైఫస్‌కూ అదే. మట్టిలో ఉండే నల్లి తెచ్చే రోగానికి మందు కూడా మట్టిలోంచే వచ్చింది.

మూడో తెలుగు పేరు సూర్యదేవర రామచంద్రరావు. ఎస్.ఆర్. రావు అంటేనే సూరత్‌వాళ్లకు తెలుస్తుంది. 1995 మేలో మునిసిపల్ కమిషనరుగా వచ్చాడు. ఆయన చేసింది మంత్రమేమీ కాదు. ఊరిని ఆరు జోన్లు చేసి, ఒక్కొక్కదానికి బాధ్యుణ్ణి నిలబెట్టి, అధికారం వాళ్ల చేతికే ఇచ్చాడు. అధికారులంతా పొద్దున్నే ఆఫీసుకు కాకుండా వీధుల్లోకి పోవాలన్నాడు. ఏ.సి. నుంచి డి.సి.కి, అంటే చల్లని గది నుంచి రోజువారీ పనికి, అని ఆయన పెట్టిన పేరు ఊరంతా పాకింది. రాత్రిపూట రోడ్లు ఊడ్పించాడు, చెత్త వేసిన పెద్ద హోటళ్లకు కూడా జరిమానా వేశాడు, ఆక్రమణలు కొట్టించాడు. పనిష్మెంట్ పెరేడ్ తెలిసిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు, కానీ మునిసిపాలిటీకి అది విప్లవమే. మరుసటి ఏడు ఇంటాక్ సంస్థ దేశంలో చండీగఢ్ తరువాత పరిశుభ్రమైన నగరం సూరతే అంది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊడ్చిన వీధుల కంటే నా దృష్టిలో పెద్దపని ఇంకొకటి జరిగింది: ఏ ఆస్పత్రిలో ఏ జ్వరం ఎంతమందికి వచ్చిందో రోజూ కార్పొరేషన్‌కు తెలిసే ఏర్పాటు. జ్వరాలకు సిక్ రిపోర్టు రాసుకోవడం అన్నమాట.

ఈ ఏర్పాటుకు పరీక్ష 2006 ఆగస్టులో వచ్చింది. ఎగువన కురిసిన వానకు ఉకాయ్ డ్యాము నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కుల నీరు వదలాల్సి వచ్చింది. నగరంలో నాలుగింట మూడు వంతులకు పైగా మునిగింది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడూ దిగాయి. పడవల్లో జనాన్ని తీశారు, హెలికాప్టర్ల నుంచి పొట్లాలు వేశారు. 1994 వరద కంటే ఇది చాలా పెద్దది. బురద, చచ్చిన పశువులు, ఎలుకలు అన్నీ ఉన్నాయి. కానీ నీళ్లు తీయగానే చెత్త ఎత్తే దళాలు దిగాయి, ఇతర నగరాల నుంచి కూడా వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడిగారు, మందులు పంచారు. ప్లేగు రాలేదు. లక్షల మంది రైళ్లెక్కలేదు. ఎలుక జ్వరం, అదే లెప్టోస్పైరోసిస్, మాత్రం ఆ ఏడు బాగా పెరిగింది. వరి మడుల్లో, చెరకు తోటల్లో వట్టికాళ్లతో పనిచేసే కూలీలను దక్షిణ గుజరాత్‌లో 90ల నుంచీ అది పట్టుకునే ఉంది. వాళ్లకు వారానికొకసారి ముందు జాగ్రత్తగా ఇచ్చిన గోళీ ఏదంటే, మళ్లీ డాక్సీసైక్లినే.

ఒకే ఊరు, ఒకే నది, రెండు వరదలు. నా అభిప్రాయంలో వాన పురుగునూ ఎలుకనూ లేపుతుంది గానీ, అది మహమ్మారిగా మారేదీ మానేదీ ఆ ఊరి ఏర్పాటును బట్టి ఉంటుంది. ఇది పట్టణంలో కొట్టు టైఫస్ జాతి రోగాలకు సూరత్ ఇచ్చిన జవాబు. పొద టైఫస్‌కు ఈ జవాబు పూర్తిగా చాలదు. ఎందుకంటే చీపురు చేలగట్టు దాకా పోదు.

వాతావరణం మారుతున్న సంగతి లెక్కల్లో ఉంది. 1901 నుంచి 2018 మధ్య మన దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదిక చెప్పింది. గుజరాత్, మహారాష్ట్రల నుంచి ఒడిశా దాకా ఉన్న నడిమి భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వానల సందర్భాలు 1950 తరువాత మూడు రెట్లు అయ్యాయని పుణె ఐ.ఐ.టి.ఎం. శాస్త్రజ్ఞులు 2017లో చూపించారు. చిగ్గర్‌కు కావలసినవి వెచ్చదనం, నేలలో తడి, గడ్డి, ఎలుక. వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టేదాకా రెండు మూడు నెలలు చాలు. చలిలో చాలా నెలలు లాగుతుంది. అంటే చలికాలం పొట్టిదైతే ఏడాదికి ఇంకో కాన్పు పెరుగుతుంది. అదే వట్టి ఎండ, తేమ లేని వేడి అయితే ఆ పిల్ల ఎండిపోయి చస్తుంది. కాబట్టి మే ఎండ దానికి శత్రువు, వానల తరువాత ఉక్కపోత దానికి పండగ. మన దగ్గర ఈ జ్వరం ఆగస్టులో లేచి నవంబరు దాకా, దక్షిణాన జనవరి దాకా ఎందుకు సాగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఉత్తరానికి పోయిన ఉదాహరణలు ఉన్నాయి. చైనాలో ఒకప్పుడు యాంగ్సీ నదికి దక్షిణాన మాత్రమే ఉన్న ఈ రోగం 1986లో షాన్‌డాంగ్‌లో, అంటే ఉత్తరాన, బయటపడింది. కొరియాలో ఉష్ణోగ్రతకూ కేసులకూ పొంతన చూపించిన లెక్కలు వచ్చాయి. మన సిమ్లా ఆస్పత్రిలో 2003 వానల తరువాత గుంపుగా రోగులు వచ్చారు. అయితే అంతా వేడి వల్లనే అనడం తొందరపాటు. అడవులు నరికి బీడు పెట్టడం, పరీక్షలు మెరుగుపడి దాగినవి బయటపడటం, ఇవీ ఉన్నాయి. గోరఖ్‌పూర్‌లో ఏటా వానల తరువాత పిల్లలను చంపే మెదడువాపును జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2015 తరువాత పరీక్షించి చూస్తే ఆ పిల్లల్లో సగానికి పైగా స్క్రబ్ టైఫస్ ఆనవాళ్లు. చవకైన గోళీకి లొంగే రోగం. అక్కడ ఎంతమంది తల్లుల కడుపుకోత ఆ గోళీతో తప్పేదో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది. తమాషా ఏమిటంటే, వాతావరణ మార్పును తట్టుకునే నగరాలను తయారుచేయాలని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 2008లో మొదలుపెట్టిన పథకానికి మన దేశంలో మొదట ఎంచుకున్న మూడు ఊళ్లలో సూరత్, గోరఖ్‌పూర్ రెండూ ఉన్నాయి, మూడోది ఇండోర్. ఆ పని కొనసాగింపుగానే సూరత్‌లో ఆరోగ్యానికీ వాతావరణానికీ కలిపి ఒక కేంద్రం ఏర్పడింది.

ఇక మన సీమ సంగతి. 2011, 2012 ప్రాంతంలోనే ఈ జ్వరం గుంపుగా వచ్చిందని తిరుపతి స్విమ్స్, హైదరాబాదు నిమ్స్ డాక్టర్లు వైద్య పత్రికల్లో రాశారు. 2025 చివరి నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల నుంచి కేసులు బయటపడి దినపత్రికల మొదటి పేజీకి ఎక్కింది. ముదిరిన కేసుల్లో ఏ మందు మేలన్న ప్రశ్నకు జవాబు మన పక్కనున్న వెల్లూరు నుంచే వచ్చింది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నాయకత్వంలో దాదాపు 800 మంది రోగులపై జరిగిన పరీక్షలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే, విడివిడిగా ఇచ్చినదాని కంటే గుణం బాగుందని 2023లో తేలింది.

సూరత్‌కూ ఈ నల్లికీ ఉన్న లంకె ఇక్కడే. సాంచల మీద పనిచేసే మనవాళ్లు ఊరికి పోయేది ఎప్పుడు? వినాయక చవితికో, బతుకమ్మ దసరాకో, లేకపోతే సంక్రాంతికో. సరిగ్గా చిగ్గర్ పండగ చేసుకునే నెలల్లో. ఊళ్లో పది రోజులుంటారు, పొలానికి పోతారు, గడ్డి కోస్తారు, గట్టు మీద కూర్చుంటారు. కుట్టిన సంగతే తెలియదు, నొప్పి ఉండదు. ఆరు రోజులకు మొదలుకుని మూడు వారాల లోపు ఎప్పుడైనా జ్వరం రావచ్చు. అంటే రైలెక్కి, లింబాయత్ గదికి తిరిగొచ్చి, రెండు షిఫ్టులు చేసిన తరువాత. అక్కడి డాక్టరుకు సూరత్ జ్వరాలు తెలుసు: మలేరియా, డెంగీ, ఎలుక జ్వరం. రక్తం పరీక్షకు పంపుతాడు, డెంగీ కాదంటే పారాసెటమాల్ ఇస్తాడు. నల్లమచ్చ బెల్టు కిందో, చంకలోనో, గజ్జలోనో, ఆడవాళ్లకైతే రొమ్ము కిందో ఉంటుంది. అడగందే ఎవరూ చూపించరు. సెలవు మీద ఊరికి పోయి యూనిట్‌కు తిరిగివచ్చే జవానుదీ, పొలం చూసుకుంటూ జ్వరానికి ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌కు పోయే మాజీ సైనికుడిదీ ఇదే పరిస్థితి. ఎం.ఐ. రూములో డాక్టరు జ్వరం ఎప్పటి నుంచి అని అడుగుతాడు. సెలవు నుంచి ఎప్పుడు వచ్చావు, పొలానికి పోయావా, ఒంటి మీద ఎక్కడైనా కాలినట్టు పెచ్చు ఉందా అని అడగకపోతే, ఆ మూడు మాటలూ రోగే తనంతట తాను చెప్పాలి.